పైట, పిన్ను, గురి: ఆడపిల్లల తుపాకి శిక్షణకు తగిన బట్టలు

పోయిన ఏడాది ఒక శిక్షణ శిబిరంలో నేను మొదటిసారి తుపాకి పట్టుకున్నాను. అది పాయింట్ టూ టూ రైఫిల్. నేల మీద బోర్లా పడుకొని 25 మీటర్ల దూరంలో ఉన్న కాగితం మీద ఐదు గుండ్లు కాల్చాలి. నేను వేసుకున్నది చుడీదారు. వేలీ జారకూడదని రెండు భుజాల మీదా పిన్నులు పెట్టుకొని పోయాను. రైఫిల్ వెనక భాగాన్ని, అంటే బట్‌ను, కుడి భుజం గుంతలో గట్టిగా ఆనించమన్నారు. ఆనించాను. అది సరిగ్గా పిన్ను మీదే ఆనింది.

మొదటి గుండుకే పిన్ను చర్మంలోకి దిగింది. రెండో గుండుకు ట్రిగ్గర్ నొక్కకముందే భుజం దానంతట అదే వెనక్కి పోయింది. ఐదింట్లో రెండే కాగితానికి తగిలాయి. శిక్షణ ఇచ్చే ఆయన నవ్వి, "అమ్మాయిలకు తుపాకి అంటే భయం సహజమే" అన్నారు. నాకు భయం వేయలేదు, పిన్ను గుచ్చుకుంది. ఆ మాట అంతమంది మగవాళ్ళ ముందు చెప్పలేక లేచి వచ్చేశాను.

ఆ శిబిరానికి మా స్నేహితులం ఆరుగురం పేర్లిచ్చాం. "ప్యాంటు, చొక్కా తెచ్చుకోవాలి" అనగానే నలుగురు ఆగిపోయారు. ఇద్దరి ఇండ్లలో ఒప్పుకోలేదు. ఇద్దరి దగ్గర ప్యాంటే లేదు. ఈసారి మళ్ళీ పేర్లు అడుగుతున్నారు. అందుకే ఈ నెల గోడపత్రికకు ఈ విషయం తీసుకున్నాను. తెలుగు శాఖ పత్రికలో తుపాకి సంగతి ఎందుకని మేడమ్ అడిగారు. దానికి జవాబు మన పాఠంలోనే దొరికింది.

సత్యభామ చేసిన నాలుగు పనులు

పోతన భాగవతం దశమ స్కంధంలో నరకాసుర వధ ఘట్టం మనందరికీ తెలుసు. సంస్కృత భాగవతంలో సత్యభామ కృష్ణుడి వెంట గరుత్మంతుడి మీద వెళుతుంది. యుద్ధం చేసేది మాత్రం కృష్ణుడే. ఆమె చేతికి విల్లిచ్చింది మన తెలుగు కవులు. పోతన కంటే ముందే నాచన సోమన ఉత్తర హరివంశంలో ఆమె చేత యుద్ధం చేయించాడు.

పోతన సత్యభామ యుద్ధానికి లేచేటప్పుడు ముందు ఏం చేస్తుందో చూడండి. జడను ముడివేసి కట్టుకుంటుంది. నడుము దగ్గర చీర ముడి బిగించుకుంటుంది. నగలు పెట్టుకుంటుంది. పైటను చేత్తో సవరించి దోపుకుంటుంది. ఆ తర్వాతే వీరావేశంతో మొగుడి ముందుకొచ్చి నిలబడుతుంది. పరీక్షలో ఈ పద్యానికి మనం వీర శృంగార రసాల కలయిక అని రాస్తాం. శిబిరం నుంచి వచ్చాక మళ్ళీ చదివితే నాకు ఇంకొకటి కనపడింది. బాణం వేయబోయే ఆడమనిషికి కావలసిన తయారీ జాబితా అందులో ఉంది. జడ, నడుము, నగలు, పైట. ఈ వరుసలోనే నా పాఠం చెపుతాను.

జడ

గురి చూసేటప్పుడు కంటికీ తుపాకికీ మధ్య ఒక్క వెంట్రుక అడ్డం వచ్చినా చూపు చెదురుతుంది. విల్లయితే ఇంకా కష్టం. నారి ముఖాన్ని ఆనుకొని ఉంటుంది. విప్పిన జుట్టు దానిలో చిక్కుకుంటే బాణం దారి తప్పుతుంది, మనిషికీ దెబ్బే.

జడ ముడి ఎక్కడ వేయాలన్నది కూడా ఆలోచించాల్సిందే. నిలబడి కాల్చేవాళ్ళకు మెడ మీద ముడి పనికొస్తుంది. పడుకొని కాల్చేటప్పుడు తల వెనక్కి ఎత్తాలి. అప్పుడు మెడ మీది ముడి కాలరుకు తగిలి తలను ముందుకు తోస్తుంది. నడినెత్తిన ముడి వేస్తే టోపీ కూర్చోదు. జడ అల్లి, పైకి మడిచి, తల వెనక చదునుగా పిన్నులతో బిగిస్తే రెండు ఇబ్బందులూ ఉండవు. లేదంటే ఒంటిజడ వేసి చొక్కా లోపలికి దోపుకోవచ్చు. చెవులకు మఫ్ పెట్టుకోవాలి కాబట్టి బుట్టకమ్మలు తీసి పెట్టాలి. మఫ్ కిందికి జుట్టు, కమ్మ ఏది దూరినా సందు ఏర్పడి శబ్దం లోపలికి పోతుంది.

నడుము

చీర ముడిని మనం పోకముడి అంటాం. పనికి సిద్ధమవడాన్ని తెలుగులో నడుం కట్టడం, నడుం బిగించడం అంటాం. కన్నడంలో టొంక కట్టడం అన్నా ఇదే. మన పావగడలో రెండు మాటలూ వినపడతాయి. కాసె, దట్టీ అని పాత కావ్యాల్లో వచ్చే మాటలు కూడా నడుము దగ్గర బట్ట బిగించే పద్ధతులే. పనికీ నడుముకూ ఉన్న సంబంధం మన రెండు భాషలకూ ఎప్పుడో తెలుసు.

రైఫిల్ నిలబడి కాల్చేవాళ్ళను చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. వాళ్ళు నడుమును లక్ష్యం వైపు కొంచెం ముందుకు తోసి, ఎడమ మోచేతిని తుంటి ఎముక మీద ఆనించి, ఆ చేతి మీద తుపాకి నిలుపుతారు. బిందె చంకన పెట్టుకున్నప్పుడు మనం తుంటిని పక్కకు తోసి బరువు ఎముక మీదికి దించుతాం కదా, అట్లాంటిదే. బరువు కండ మోస్తే చేయి వణుకుతుంది. ఎముక మోస్తే నిలకడగా ఉంటుంది. ఎయిర్ రైఫిల్ బరువు 5.5 కిలోల వరకు ఉండవచ్చు. 10 మీటర్ల దూరంలో పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు మాత్రమే. 2018 నుంచి ఆడవాళ్ళు కూడా మగవాళ్ళలాగే 60 గుండ్లు కాల్చాలి. అంతకుముందు 40.

అందుకే రైఫిల్ పోటీల్లో మందపాటి ప్రత్యేకమైన కోటు, ప్యాంటు వేసుకుంటారు. అవి నడుముకూ వెన్నుకూ ఆసరా ఇస్తాయి. ఆసరా మరీ ఎక్కువైతే కాల్చేది మనిషా కోటా అనే అనుమానం వస్తుంది కాబట్టి అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య హద్దులు పెట్టింది. గుడ్డ మందం 2.5 మి.మీ. దాటకూడదు. ప్యాంటు తుంటి ఎముక పైభాగం నుంచి 50 మి.మీ. కంటే పైకి రాకూడదు. గుడ్డ ఎంత బిరుసుగా ఉందో కూడా యంత్రం పెట్టి కొలుస్తారు. ఈ కొలతలు ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒక్కటే.

మనకు అంత ఖరీదైన కోటు అక్కరలేదు. శిబిరంలో కావలసింది కదలని నడుము పట్టీ. సల్వార్ బొందు ముడి బొడ్డు మీద ఉంటే బోర్లా పడుకున్నప్పుడు అది కడుపులో గుచ్చుకుంటుంది. ముడిని పక్కకు జరుపుకోవాలి. లావుపాటి బెల్టు బకిలు కూడా అంతే.

నగలు

ఇక్కడ మాత్రం పోతన మాట మనం వినడానికి లేదు. సత్యభామ నగలు పెట్టుకొని యుద్ధానికి లేచింది. ఇప్పటి పిస్టల్ పోటీలో పిస్టల్ పట్టుకునే చేతికి గాజు, గడియారం, పట్టీ ఏదీ ఉండకూడదని నియమం ఉంది.

ఇది చదివినప్పుడు నాకు ముందు కోపం వచ్చింది. "చేతులకు గాజులు తొడుక్కున్నావా" అని పిరికివాణ్ణి తిట్టే సామెతలాంటి మాట గుర్తొచ్చింది. తర్వాత కారణం తెలిసింది. పిస్టల్‌ను ఒక్క చేత్తో, ఏ ఆసరా లేకుండా కాల్చాలి. మణికట్టుకు బిగుతుగా ఏది కట్టుకున్నా అది ఆసరా అవుతుంది. అందుకే గాజునూ మగవాడి గడియారాన్నీ ఒకే వాక్యంలో వద్దన్నారు. ఇదే కారణంతో పిస్టల్ కాల్చేవాళ్ళ బూట్లు చీలమండ ఎముకను కప్పకూడదు. ఒక నియమం మనల్ని అవమానిస్తోందా, పని కోసం పెట్టిందా అని తెలుసుకోవడానికి ఇది మంచి గుర్తు. అది అందరికీ ఒకేలా వర్తిస్తోందా లేదా చూడాలి.

ఎయిర్ పిస్టల్‌లో పది మార్కుల వలయం వెడల్పు 11.5 మి.మీ. దాన్ని కొట్టే పనిలో మన తెలుగు అమ్మాయిలు వెనకబడి లేరు. హాంగ్‌జౌ ఆసియా క్రీడలు 2023లో జరిగాయి. హైదరాబాద్‌కు చెందిన ఈషా సింగ్ అక్కడ పిస్టల్ పోటీల్లో ఒక బంగారు, మూడు వెండి పతకాలు గెలిచింది. ఆమెతో పాటు 10 మీటర్ల పిస్టల్ జట్టులో వెండి గెలిచిన దివ్య మన కర్ణాటక షూటర్. అదే క్రీడల్లో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ కాంపౌండ్ విలువిద్యలో మూడు బంగారు పతకాలు తెచ్చింది.

పైట

పై, ఎద కలిసి పయ్యెద అయింది. పయ్యెద వాడుకలో పైట అయింది. ఎద మీద బట్ట వదులుగా ఉంటే విల్లు లాగేవాళ్ళకు పెద్ద చిక్కు. వదిలిన నారి బట్టకు తగిలితే బాణం పక్కకు పోతుంది. అందుకే విలువిద్యలో ఎదకు ఒక వైపు బిగువుగా ఛెస్ట్ గార్డ్ కడతారు, విల్లు పట్టిన ముంజేతికి ఆర్మ్ గార్డ్ కడతారు.

గ్రీకుల కథల్లో అమెజాన్లు అనే వీర వనితలు విల్లు లాగడానికి అడ్డమని ఒక రొమ్ము కోసుకునేవారని చెప్పుకున్నారు. ఆ గ్రీకుల బొమ్మల్లోనే ఆ స్త్రీలకు రెండు రొమ్ములూ ఉంటాయి. ఆడదాని ఒళ్ళే యుద్ధానికి అడ్డమనుకున్నవాళ్ళు అల్లిన కథ అది. పోతన సత్యభామ పైట దోపుకుంది, సరిపోయింది. ఒంటిని మార్చుకోలేదు, బట్టను సర్దుకుంది. నాకు ఈ పాఠంలో అన్నిటికంటే నచ్చిన చోటు ఇదే.

తుపాకి దగ్గరికి వస్తే బట్ ఆనే భుజం గుంతలో పిన్ను, బొత్తాం, లావుపాటి కుట్టు, లోపలి బట్ట కొక్కెం ఏదీ ఉండకూడదు. వేలీ అసలే వద్దు. మొహమాటంగా అనిపిస్తే లోపల బనియను వేసుకొని పైన ఒత్తు గుడ్డ చొక్కా వేసుకుంటే చాలు. సాగే గుడ్డతో చేసిన స్పోర్ట్స్ బ్రా అయితే కొక్కేలుండవు, పరుగుకూ బాగుంటుంది. కాలరు పైబొత్తాం దాకా పెట్టుకోవాలి. పక్క వరసలో కాల్చిన అమ్మాయి రైఫిల్ నుంచి వేడి వేడి ఖాళీ తూటా ఎగిరొచ్చి మెడలో పడవచ్చు. ఉలిక్కిపడి తుపాకితో సహా పక్కకు తిరిగితే ఎంత ప్రమాదమో ఊహించండి. అందుకే మెడ లోతు ఎక్కువున్న జాకెట్టు, కుర్తా అక్కడ పనికిరావు.

బట్టలు ఎవరు నిర్ణయించాలి?

13వ శతాబ్దంలో ఓరుగల్లును ఏలిన రుద్రమదేవిని శాసనాలు రుద్రదేవ మహారాజు అని మగ పేరుతో పిలిచాయి. ఆమె మగ వేషంలో సభ తీర్చేదని చెప్పుకుంటారు. రాజ్యం చేయడానికి పేరూ వేషమూ మార్చుకోవలసి వచ్చింది. సత్యభామ దారి వేరు, ఉన్న చీరనే బిగించుకుంది.

మన కాలానికి వస్తే, 2018 అక్టోబరులో కర్ణాటక పోలీసు శాఖ మహిళా సిబ్బంది డ్యూటీలో చీర కాకుండా ఖాకీ ప్యాంటు, చొక్కా వేసుకోవాలని ఆదేశం ఇచ్చింది. అప్పుడు శాఖకు అధిపతి నీలమణి రాజు, మన రాష్ట్రంలో ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ. దొంగ వెంట పరుగెత్తేవాళ్ళకు ఏ బట్ట వీలో ఆలోచించి చేసిన పని అని నాకు అనిపిస్తుంది.

రెండు వైపులా బలవంతాలు కూడా ఉన్నాయి. 2016లో పిస్టల్ షూటర్ హీనా సిద్ధూ టెహరాన్‌లో జరగాల్సిన ఆసియా ఎయిర్‌గన్ పోటీ నుంచి తప్పుకుంది. అక్కడ పోటీ చేసే ఆడవాళ్ళందరూ హిజాబ్ కట్టుకోవాలన్నారు. 2021లో దీనికి తలకిందులైన సంగతి జరిగింది. యూరప్ బీచ్ హ్యాండ్‌బాల్ పోటీల్లో నార్వే అమ్మాయిలు బికినీకి బదులు నిక్కర్లు వేసుకున్నందుకు జట్టుకు 1,500 యూరోల జరిమానా వేశారు. విమర్శలు వచ్చాక ఆ ఏడాదే నియమం మార్చారు. ఒకచోట కప్పుకోలేదని, ఇంకొకచోట కప్పుకున్నారని. రెండు చోట్లా అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగలేదు: ఈ బట్టతో ఆట బాగా ఆడగలదా? తలగుడ్డతోనే ఒలింపిక్స్‌లో గురి చూసిన ఇరాన్ అమ్మాయిలూ ఉన్నారు. గుడ్డ తప్పు కాదు. దాన్ని ఎంచుకునే హక్కు ఎవరి దగ్గరుందన్నదే ప్రశ్న.

మన చేలల్లో ఉన్న జవాబు

ప్యాంటు అనగానే మా నాయన, "ప్యాంటేసుకొని బస్టాండులో నిలబడితే ఊర్లో వాళ్ళు ఏమంటారు?" అన్నాడు. అప్పుడు అరుగు మీద కూర్చున్న మా అవ్వ అందుకుంది. "మీ నాయన చొక్కా ఏసుకొని నలభై ఏండ్లు కలుపు తీసినా. అప్పుడెవరూ ఏమీ అడగల్యా. పిల్ల ఏసుకుంటే ఏమొచ్చె?"

అవ్వ చెప్పింది నిజం. మన పావగడ తాలూకాలో శెనక్కాయ చేలో కలుపు తీసే ఆడవాళ్ళను చూడండి. చీర మీద మగవాళ్ళ నిండు చేతుల చొక్కా, తలకు తుండుగుడ్డ, చీర కుచ్చిళ్ళు పైకెత్తి దోపడం. ఎండ తగలకుండా, ముళ్ళు గీరకుండా, దుమ్ము పడకుండా వాళ్ళు కనిపెట్టుకున్న యూనిఫాం అది. చెట్టు తక్కువ, వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న సీమ మనది. తిరుమణి దగ్గర 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టింది ఈ ఎండను నమ్ముకునే. ఆ ఎండలో పది రోజులు కవాతు చేయాలంటే పొట్టి చేతుల కుర్తా పనికిరాదు. గరుసు నేల మీద మోచేతులాని పడుకుంటే చర్మం లేచిపోతుంది. నాకు లేచింది. పల్లేరు కాయల సంగతి చెప్పక్కరలేదు.

ఆ చొక్కా పద్ధతినే తీసుకొని మా వీధి టైలరక్కతో మాట్లాడాను. ఆమె, నేను కలిసి అనుకున్నవి ఇవి:

1. చొక్కా నూలు గుడ్డతో, నిండు చేతులతో, తుంటి కిందికి వచ్చే పొడవుతో కుట్టాలి. పొట్టిదైతే పడుకున్నప్పుడు వెనక పైకి లేస్తుంది. ఇంట్లో అభ్యంతరం చెప్పేవాళ్ళకు కూడా ఈ పొడవు జవాబు చెపుతుంది.

2. చంక కింద నాలుగు పలకల ముక్క వేస్తే చేయి ముందుకు చాచినా చొక్కా లాగదు. మగవాళ్ళ కొలతతో కుట్టిన చొక్కాలు మనకు ఎద దగ్గర బొత్తాల సందు విచ్చుకుంటాయి. అక్కడ లోపలివైపు ఒక టిచ్ బొత్తాం చాలు.

3. మోచేతుల మీద, మోకాళ్ళ మీద అదే గుడ్డతో రెండో పొర.

4. ప్యాంటు ముదురు రంగు, వదులు, వెడల్పు నడుము పట్టీ. నెలసరి రోజుల్లో ముదురు రంగు ధైర్యం ఇస్తుంది. పక్కన లోతైన జేబు ఒకటి ఉంటే ప్యాడ్ పెట్టుకోవచ్చు. దీని గురించి మనం మాట్లాడుకోకపోతే ఇంకెవరూ మాట్లాడరు.

5. నూలు బట్ట చెమట పీల్చి ఒంటిని చల్లబరుస్తుంది, కానీ ఆలస్యంగా ఆరుతుంది. అందుకని రెండు జతలు. సాక్సు తడిగా ఉంటే కాలికి బొబ్బలొస్తాయి కాబట్టి మూడు జతలు.

6. బూట్లు కొత్తవైతే కనీసం రెండు వారాలు ముందుగా వేసుకొని నడవాలి.

7. గుండ్లలో సీసం ఉంటుంది. కాల్చాక చేతులు సబ్బుతో కడుక్కునే అన్నం ముట్టాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి.

అంతర్జాతీయ పోటీల్లో కూడా ఆడవాళ్ళు ప్యాంటే వేసుకోవాలని లేదు. భుజాలు కప్పే చొక్కా ఉండాలి, నిక్కరైతే మోకాలి చిప్ప మధ్య నుంచి 15 సెం.మీ. కంటే పైకి ఉండకూడదు. ఇవి హద్దులు. వాటి లోపల మన పొడుగు చొక్కా చక్కగా ఇముడుతుంది.

చివరగా

నెల కిందట నా స్నేహితురాలి అన్న పాత చొక్కాను టైలరక్క దగ్గర సరిచేయించి, జడ పైకి కట్టి, వేలీ లేకుండా ఇంకొకసారి రైఫిల్ పట్టుకునే అవకాశం వచ్చింది. ఐదు గుండ్లూ కాగితానికి తగిలాయి. అన్నీ దగ్గర దగ్గరగా పడ్డాయని చెప్పను, ఒకటి బాగా పక్కకే పోయింది. ఆ తప్పు నాది, పిన్నుది కాదు. నా తప్పు ఏదో నాకు తెలిస్తేనే కదా దిద్దుకునేది.

పోయినసారి ఆగిపోయిన నలుగురిలో ఇద్దరు ఈసారి పేర్లిచ్చారు. మిగతా ఇద్దరి కోసం, ఇంకా తటపటాయిస్తున్నవాళ్ళ కోసం ఒక మాట. టైలరక్క కొలతల కాగితం శాఖ గదిలో మేడమ్ బల్ల మీద పెట్టాను. పాత చొక్కాలు ఇవ్వగలిగినవాళ్ళు అక్కడే పెట్టండి. ఇంట్లో ఒప్పుకోకపోతే మొదట మీ అవ్వను అడగండి. ఆమె ఎవరి చొక్కా వేసుకొని చేలోకి పోయిందో చెప్పమనండి.